జత పక్కన మూడో గాజు

నా చిన్నప్పుడు, ఎనిమిదేళ్ళు నిండీ నిండకుండానే, మా అమ్మ ఇల్లు వదిలిపోవాల్సిన రోజు ఒకటి వచ్చింది. దానికి కారణం నేనేనని నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదనుకున్నాను.

మాది కోయంబత్తూరు దగ్గర కినత్తుకడవు. అమ్మకు ఏడో నెలలో వలైకాప్పు, అంటే గాజుల సీమంతం, చేసి రెండు చేతులకూ నిండుగా గాజులు తొడిగారు. కాన్పయ్యేదాకా వాటిలో ఒక్కటీ చిట్లకూడదని, తర్వాత పురుడు పోసినవాళ్ళకే వాటిని ఇవ్వాలని మా ఇళ్ళల్లో పట్టింపు. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే ఆమె పచ్చగాజు మీద నాకు మనసు పోయింది. లాగాను. పుటుక్కున విరిగింది. అమ్మ కళ్ళు తెరిచి నన్ను చూసింది. అవ్వతో మాత్రం, చెయ్యి తలుపుకు తగిలిందని చెప్పింది.

చెల్లెలు పుట్టింది. ఒళ్ళంతా మెత్తగా, కళ్ళు కొంచెం ఏటవాలుగా ఉండేవి. పాలు తాగడానికి అవస్థపడేది. కోయంబత్తూరు ఆస్పత్రిలో రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ జవాబు రాకముందే అవ్వ తీర్పు చెప్పేసింది. గాజునే కాపాడుకోలేనిది బిడ్డనేం కాపాడుతుందట! తల్లీబిడ్డలను బోడినాయకనూరులో అమ్మ పుట్టింటికి పంపేయమంది. నాయన నోరెత్తలేదు. ఆయన మీద ఇప్పటికీ నాకు కోపమే.

బస్సు వేళయింది. సంచి వాకిట్లో ఉంది. నిజం చెబితే అవ్వ చంపేస్తుంది, చెప్పకపోతే అమ్మ పోతుంది. అమ్మ చెప్పులు వేసుకుంటుంటే ఇక ఉండబట్టలేక అరిచేశాను.

"గాజు విరిచింది నేనే అవ్వా! అమ్మ కాదు!"

అవ్వ చెయ్యెత్తింది. నా అరుపు విని పక్కింటి అక్క గోడ అవతలి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఆమె ఆస్పత్రిలో నర్సు. అమ్మకు పురుడు పోసింది ఆమే, ఆ గాజులు ఇచ్చిందీ ఆమెకే. ఆ రోజే ఆస్పత్రి నుంచి తెచ్చిన పరీక్ష కాగితం చూపింది. ఎవరికీ అర్థం కాలేదు. మళ్ళీ ఇంటికి పోయి ఆ గాజులు తెచ్చి తిన్నె మీద జతలు జతలుగా పరిచింది.

"చూడండవ్వా, మన ఒంట్లో క్రోమోజోములని ఉండాయి. ఇట్లా ఇరవైమూడు జతలు. ఈ బిడ్డకు ఒక జత కాడ ఇంకోటి ఎక్కువ చేరి ఉండాది." ఒక జత పక్కన మూడో గాజు పెట్టింది. "డౌన్ సిండ్రోమ్ అంటారు. బిడ్డ కడుపులో పడినప్పుడే చేరిపోయె. వలైకాప్పు చేసింది ఏడో నెల కదా? అప్పుడు విరిగిన గాజు మొదటి దినాన్ని ఎట్లా చెరుపుతుంది? ఎవురి తప్పూ లేదు."

అవ్వ వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది. సంచి ఎత్తుకుని లోపలికి పోయింది.

"ఇన్నాళ్ళూ దీన్ని మోస్తా ఉంటివా పాపా!" అంటూ అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ భోరుమన్నాను.

చెల్లెలికి ఇప్పుడు యాభై దాటాయి. నాతోనే ఉంటుంది. మొన్న మా వీధిలో అలాంటి బిడ్డే పుడితే, తల్లి గ్రహణంలో బయట తిరిగిందని నలుగురూ గుసగుసలు. నాకు ఒళ్ళు మండింది. చెల్లెల్ని వెంటబెట్టుకుని పోయి, ఆనాడు అక్క చేసినట్టే నా గాజులు తీసి వాళ్ళింట్లో నేల మీద జతలుగా పరిచాను. మూడోది లేక తడుముకుంటుంటే, చెల్లెలు తన చేతి గాజు తీసి జత పక్కన పెట్టింది.