జాలీ మీద మనిషి ఉండగా

బొగ్గు వ్యాగన్లను బోర్లించే యంత్రాన్ని నేను ఆరేళ్లు నడిపాను. దాన్ని టిప్లర్ అంటారు. రైలుపెట్టెను పట్టాల ముక్కతో సహా ఇనుప చేతులతో బిగించి పట్టుకుని, పక్కకు తిప్పి, లోపలి బొగ్గంతా కింద గోతిలో కుమ్మరించి, ఖాళీ పెట్టెను మళ్లీ నిలబెడుతుంది. ఆ ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే నా మాట తిన్నగా ఒక వానాకాలం ఉదయానికే పోతుంది. "పాపం, ప్రమాదం కదా" అంటారు వినేవాళ్లు. ఆ మాటకు నాకు ఒళ్లు మండుతుంది. చీకట్లో కాలు జారి నూతిలో పడితే ప్రమాదం. నూతి గట్టు పడగొట్టి, దాని అంచునే మనిషిని నడవమంటే దానికి వేరే పేరు ఉంది.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. మా నాన్న గోగు వేసేవాడు. నార ఊరబెట్టడానికి నీళ్లు చాలక, కొన్నాళ్లకు విసిగి మానేశాడు. నేను విజయనగరంలో ఐటీఐ చదివి ఒక ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద చేరాను. దాని పేరు రాయను. అక్కడ కొలుములకు కరెంటు కావాలి, కరెంటుకు బొగ్గు కావాలి. ఆ బొగ్గు ఒడిశా గనుల నుంచి రైళ్లలో వచ్చేది. మొదటిసారి క్యాబిన్లో కూర్చుని మీట కదిపినప్పుడు, ఎదురుగా అంత పెద్ద రైలుపెట్టె గేదె పొర్లినట్టు పొర్లింది. ఇంటికి వెళ్లి ఆ సంగతి అందరికీ చేతులు తిప్పి మరీ చెప్పాను. అంత గర్వంగా ఉండేది.

ఆ గర్వం వానలు మొదలయ్యేదాకానే. ఎండు బొగ్గు జలజలా రాలుతుంది. తడిసిన బొగ్గు బంకమట్టిలా అంటుకుంటుంది. గోతి మీద ఇనుప కమ్మీల జాలీ ఉండేది, పెద్ద గడ్డలు కిందికి పడకుండా. వానాకాలంలో ఆ జాలీ మొత్తం పూడుకుపోయేది. అప్పుడు మనుషులు జాలీ మీదికి ఎక్కి, గునపాలతో పొడిచి, సుత్తులతో గడ్డలు పగలగొట్టి బొగ్గును కిందికి దించాలి. ఆ పనికి ఇద్దరు ఆడవాళ్లు ఉండేవారు. ఇద్దరూ తోటికోడళ్లు. పెద్దావిడను నేను అప్పా అని పిలిచేవాణ్ని, మా వైపు అక్కను అలాగే అంటాం. ఆమె పుట్టిల్లు వంశధార ఒడ్డున, శ్రీముఖలింగం దగ్గర. యాభై దాటి ఉంటాయి. చీర మీద మొగుడి పాత పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు. మధ్యాహ్నం అన్నాల దగ్గర నన్ను ఆటపట్టించేది.

"నీ మిసను సగం పనే సేస్తాదిరా నాయినా. మిగతా సగం మా నడుములు సేస్తన్నాయి. జీతం మాత్రం నీకెక్కువ."

"నాకు చదువు ఉంది కదప్పా" అనేవాణ్ని నవ్వుతూ.

"ఆ సదువుకి గునపం పట్టుకోడం రాదు కదేటి!"

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. జాలీ మీదికి మనిషి ఎక్కేటప్పుడు పాటించాల్సిన కట్టుబాటు ఒకటి ఉండేది. క్యాబిన్లో మీట పక్కన ఒక తాళంచెవి. అది పీకేస్తే టిప్లర్ కదలదు. జాలీ మీదికి వెళ్లే మనిషే ఆ తాళంచెవి తీసుకుని తన దగ్గర పెట్టుకుని వెళ్లాలి. పని అయ్యాక తనే తెచ్చి ఇవ్వాలి. తాళంచెవి ఒక్కటే. యంత్రం తయారుచేసిన వాళ్లు ఎవరో గానీ, మనిషి ప్రాణం మనిషి చేతిలోనే ఉండాలని ఆలోచించి పెట్టారు. నేను చేరిన కొత్తలో అప్ప ఆ తాళంచెవిని కొంగున ముడివేసుకుని జాలీ ఎక్కేది.

తర్వాత కొత్త ఇన్‌చార్జి వచ్చాడు. తాళంచెవి తీసిన ప్రతిసారీ టిప్లర్‌ను కదిలించే నూనె పంపులు ఆగిపోతున్నాయి, మళ్లీ పుంజుకునేసరికి ఆలస్యమవుతోంది, రైలును రైల్వే వాళ్లకు వేళకు అప్పగించలేకపోతున్నాం అన్నాడు. ఒకరోజు నా ముందే తాళంచెవిని దాని చోటులోనే ఉంచి, తీగతో నాలుగు చుట్లు బిగించి కట్టేశాడు.

"ఇకనుంచి వాకీటాకీలో నేను క్లియర్ అంటే తిప్పు. చాలు" అన్నాడు.

"సార్, జాలీ మీద మనుషులుంటారు కదా" అన్నాను.

"నాకు కళ్లున్నాయి" అన్నాడు.

నేను ఇంకేమీ అనలేదు. రాయాలంటే సిగ్గుగా ఉంది గానీ అదే నిజం. హారన్ కూడా అప్పటికి కాలిపోయి ఉంది. 'హారన్ పనిచేయడం లేదు' అని షిఫ్టు పుస్తకంలో రాస్తూనే ఉన్నాను. రాస్తే నా బాధ్యత తీరిపోయినట్టు అనుకున్నాను. ఆ పుస్తకం ఎవరూ తెరవరని నాకు తెలుసు.

ఆ ఉదయం వాన దంచి కొడుతోంది. క్యాబిన్ అద్దం మీద నీళ్లు ధారకట్టి, అవతల ఏమీ ఆనడం లేదు. తోటికోడళ్లిద్దరూ జాలీ దగ్గర పనిలో ఉన్నారు. టిప్లర్‌లో వ్యాగన్ సిద్ధంగా ఉంది. వాకీటాకీలో ఇన్‌చార్జి గొంతు వచ్చింది: "క్లియర్. తిప్పు."

తిప్పాను.

వ్యాగన్ సగం వాలింది. అప్పుడు చిన్నావిడ వానలో పరుగెత్తుకొచ్చి, క్యాబిన్ అద్దాన్ని రెండు చేతులతో బాదింది. ఏం అరిచిందో వినపడలేదు. ఆ నోరు చూసి ఎర్ర బటన్ గుద్దాను. టిప్లర్ ఆగింది. ముందు అంచు బొగ్గు మాత్రం అప్పటికే జారిపోయింది.

నేను మెట్లు దిగానో దూకానో గుర్తు లేదు. అప్ప ఛాతీదాకా బొగ్గులో ఉంది. ఒక కాలు జాలీ కమ్మీల మధ్యకు దిగిపోయి, మీద పడిన గడ్డకు విరిగి ఇరుక్కుంది. పైన సగం వాలిన వ్యాగన్, దాన్లో ఇంకా సగం బొగ్గు. మేం చేతులతో తవ్వుతున్నాం. ఆమె ఏడవలేదు. నన్ను గుర్తుపట్టి, "ఆపినావా? ముందది ఆపినావా?" అని అడిగింది. ఆపానని చెప్పాక నోటికొచ్చినట్టు తిట్టింది. నన్ను, ఫ్యాక్టరీని, వానని, అందరినీ. ఆ తిట్లు వినపడుతున్నంతసేపూ బతికే ఉందని తవ్వుతూ పోయాను.

విజయనగరం ఆస్పత్రిలో ఆమె కుడికాలు మోకాలి కింద తీసేశారు.

మర్నాడు నన్ను ఆఫీసుకు పిలిచారు. ఇన్‌చార్జి, ఆయన పై అధికారి ఉన్నారు. టీ ఇచ్చారు. ఆరేళ్లలో నాకు ఆ గదిలో టీ ఇవ్వడం అదే మొదలు. ఇంగ్లీషులో టైపు చేసిన కాగితం ముందు పెట్టారు. కూలీ మనిషి ఎవరికీ చెప్పకుండా, హెచ్చరించినా వినకుండా జాలీ మీదికి వెళ్లింది, ఆపరేటర్ నియమాలన్నీ పాటించాడు అని ఉంది అందులో.

"ఇది నిన్ను కాపాడటానికే" అన్నాడు పై అధికారి. "లేకపోతే మీట మీద చెయ్యి నీదే కదా. పోలీసులు ముందు నిన్నే అడుగుతారు."

నాకు భయం వేసింది. సంతకం పెట్టాను. పెట్టి, ఆ టీ కూడా తాగేశాను. ఇన్నేళ్ల తర్వాత ఆ సంతకం కన్నా ఆ టీ తాగడమే నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

మూడో రోజు ఆస్పత్రికి వెళ్లాను. వార్డు చివరి మంచం. కాలు ఉండాల్సిన చోట దుప్పటి చదునుగా పడి ఉంది. నేను తెచ్చిన బత్తాయిలు చూసి, పక్కన పెట్టమంది. చిన్నావిడ మంచం దగ్గర నేల మీద కూర్చుని ఉంది.

"కాయితం రాసినారంట. ఏటి రాసినారు?" అని అడిగింది అప్ప.

నేను తల దించుకున్నాను.

"నిన్నేరా. ఏటి రాసినారు?"

చెప్పాను. చెప్పకుండా వెళ్లావని రాశారన్నాను. నేను సంతకం పెట్టానన్నాను.

ఆమె లేవబోయింది. లేవలేక మోచేతుల మీద ఆనుకుంది. "నాను సెప్పకుండా ఎల్లానా? ఆడు ఎక్కమంటేనే కదరా ఎక్కినాను! జాలీ పూడిపోనాది, బేగి దించండని ఆడే అరిసినాడు. నువ్వు ఇనపడనేదంటే నాను నమ్మేదాన్ని. అద్దమ్మీద వాన ఉన్నాది, నీకు కనపడనేదు, సరే. మరి ఆ కాయితం మీద వాన ఉన్నాదేటి?"



"కాలు పోనాది. అది మరి రాదు" అంది, ఆయాసపడుతూ. "ఆ కాయితం ఉన్నన్నాళ్లూ తప్పు నాదే అవుతాది. నా పిల్లలకీ అదే సెప్తారు, మీ యమ్మ మాట ఇనక కాలు పోగొట్టుకున్నాది అని. నీ ఉజ్జోగానికి నన్ను అబద్దమాడేదాన్ని సేసినావు."

"భయపడ్డానప్పా."

"నాను జాలీ మీద రోజూ బయపడ్డాను. పని మాన్లేదు, అబద్దమూ ఆడ్లేదు." తోటికోడలి వైపు చెయ్యి చూపించింది. "సోమారం ఇదే ఎక్కుతాది దాని మీదికి. ఆ తీగ ఇంకా అలాగే ఉన్నాది కదేటి?"

ఉంది. మనిషి కాలు పోయాక కూడా ఆ తీగను ఎవరూ విప్పలేదు. నేనూ విప్పలేదు. ఆ క్షణంలో నాకు నా మీద వచ్చిన కోపం, ఆ ఇద్దరు అధికారుల మీద వచ్చిన కోపం ఒకటైపోయాయి. 

సోమవారం పొద్దున్నే రైలు వచ్చి ఉంది. క్యాబిన్‌కు ఎక్కి, కటింగ్ ప్లేయర్‌తో ఆ నాలుగు చుట్లూ కత్తిరించాను. తాళంచెవి పీకాను. పంపులు ఆగిపోయాయి. కిందికి దిగి, గునపం పట్టుకుని నిలబడ్డ చిన్నావిడ అరచేతిలో తాళంచెవి పెట్టాను.

"ఇది నీ దగ్గరుంటే నేను తిప్పలేను. పని అయ్యాక నువ్వే తెచ్చి నాకియ్యి, మధ్యలో ఎవరికీ ఇవ్వకు."

ఇన్‌చార్జి గొడుగు కూడా మరిచిపోయి పరుగెత్తుకొచ్చాడు. "ఎవడు తియ్యమన్నాడు? రైలు నిలబడిపోయింది, కనపడటం లేదా?"

"కనపడుతోంది సార్. జాలీ మీద మనిషి కూడా కనపడాలి."

అతను చిన్నావిడ చేతిలోని తాళంచెవి కోసం చెయ్యి చాపాడు. ఆమె దాన్ని రవికలో దాచేసుకుని, కళ్లల్లోకి చూసింది. "తీసుకో సూద్దాం" అంది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పటికి బొగ్గు ఎత్తే వాళ్లు, పట్టాల వాళ్లు, బొగ్గు మోసే బెల్టు కింద ఊడ్చే వాళ్లు చుట్టూ చేరారు. ఎవరూ నినాదాలు ఇవ్వలేదు. పనికి మాత్రం కదల్లేదు.

మధ్యాహ్నానికి ఫ్యాక్టరీ పెద్ద మేనేజరు స్వయంగా వచ్చాడు. హారన్ ఆ సాయంత్రానికే బిగించారు. తాళంచెవికి మళ్లీ తీగ కట్టబోమని కాగితం మీద రాసిచ్చారు. నేను జరిగినదంతా తెలుగులో రాసి, ముందు పెట్టిన సంతకం భయంతో పెట్టిందని చెప్పి, ఒక ప్రతి మేనేజరుకిచ్చి, ఇంకొకటి ఫ్యాక్టరీలను తనిఖీ చేసే ఆఫీసులో ఇచ్చి వచ్చాను.

తనిఖీ అధికారి వచ్చినప్పుడు ఒక విషయం బయటపడింది. అది తలుచుకుంటే ఇప్పటికీ పళ్లు కొరుక్కుంటాను. స్టోర్సులో టార్పాలిన్ కింద, చెక్కపెట్టె కూడా విప్పకుండా, జాలీ మీద బొగ్గు గడ్డల్ని పగలగొట్టే యంత్రం ఉంది. రెండు వానాకాలాల నుంచి అక్కడే ఉంది. దాన్ని బిగించాలంటే కొన్నాళ్లు టిప్లర్ ఆపాలి, అందుకని బిగించలేదు. అప్ప గునపంతో పొడిచిన ప్రతి గడ్డా ఆ యంత్రం పగలగొట్టాల్సిందే. ఆమె నడుము, ఆమె కాలు, వాళ్లకు ఆ పెట్టె విప్పడం కన్నా చవకగా అనిపించాయి.

ఆ యంత్రాన్ని తర్వాత బిగించారు. ఇప్పుడు జాలీ మీదికి ఎవరూ ఎక్కడం లేదంటారు. అప్ప తప్పు లేదని విచారణలో తేలింది. ఆమెకు పరిహారం వచ్చింది, చాలా తిప్పి తిప్పి ఇచ్చారు. ఇన్‌చార్జిని ఇంకో రాష్ట్రంలోని పెద్ద ప్లాంటుకు పంపారు. అది శిక్షో ప్రమోషనో నాకు ఈరోజుకీ తెలీదు. నా కాంట్రాక్టు ఆ ఏడాది మళ్లీ రాయలేదు. బొబ్బిలిలో మోటార్లకు వైండింగ్ చేసుకుని బతుకుతున్నాను. దాని గురించి నాకు బాధ లేదు.

కిందటేడు పాలకొండ బస్సులో అప్ప కనిపించింది. పెట్టుడు కాలు. సీట్లో జరిగి నాకు చోటిచ్చింది. పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం. దిగే ముందు, ఉండబట్టలేక అడిగాను: "నా మీద కోపం తగ్గిందా అప్పా?"

"తగ్గడానికి అదేటి జొరమా?" అంది. "నువ్వు తరవాత మంచి పని సేసినావు. అది ఏరు. ముందు సేసింది ఏరు. రెండూ గుర్తున్నాయి నాకు."

కండక్టర్ బస్సు ఆపాడు. చెయ్యి అందించబోయాను. వద్దని, కమ్మీ పట్టుకుని తనే దిగింది.