నెట్టా పుట్టింటి ఊరు

మా లూయిస్ దీవిలో నెట్టాని ఇప్పటికీ పుట్టిన ఊరి పేరుతో స్టిర్లింగావిడ అనే అంటారు. ఇరవై రెండేళ్లప్పుడు మా దీవి పట్నం స్టోర్నొవేలో ఒక హోటల్ వంటింట్లో వేసవి పనికని వచ్చి, ఉన్నిబట్ట నేసే టార్మడ్‌ని చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ముప్ఫై నాలుగేళ్లలో గొర్రెల్ని కాసింది, పొయ్యిలోకి బీడునేల మట్టిగడ్డలు కోసి ఎండబెట్టింది, అత్తగారు మంచాన పడితే ఐదేళ్లు ఎత్తి కూర్చోబెట్టింది. అయినా ఆ పేరు పోలేదు.

ఎవరింటికి వెళ్లినా ఒకటే తంతు. అప్పటిదాకా మా దీవి భాష గేలిక్‌లో గలగలా సాగుతున్న కబుర్లు ఆవిడ గుమ్మంలో అడుగు పెట్టగానే ఠక్కున ఆగి ఇంగ్లీషులోకి మారేవి. మర్యాద కోసమే మారేవి. కాని మారాక వాటిలో ఉప్పూ కారం ఉండేవి కావు. గాలి ఎలా ఉంది, ఓడ వేళకి వచ్చిందా, అంతే. ఆవిడకి గేలిక్ అర్థమయ్యేది. మాట్లాడబోతే మాత్రం నాలుక మడత పడేది, ఎదుటివాళ్లు జాలిగా చూసేవాళ్లు. క్రమంగా మానేసింది.

పిల్లలు లేరు. టార్మడ్ మంచివాడే. తాగడు, చెయ్యెత్తడు. పొద్దున్నే షెడ్డులోకి వెళ్తే మధ్యాహ్నం దాకా మగ్గం చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. ఆ చప్పుడు ఆగిందంటే సూప్ వేడి చెయ్యాలని నెట్టాకి తెలిసేది.

అతనికి అరవై నిండిన వసంతంలో, ఒకరోజు గిన్నెలోంచి తలెత్తకుండానే అన్నాడు.

"స్టిర్లింగ్ వెళ్లొద్దామా, నెట్టా? మే నెలలో. రెండు మూడు రోజులు."

నెట్టా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పెళ్లయినప్పటి నుంచీ అతను ఆవిడ పుట్టిన ఊరి మొహం చూడలేదు. పన్నెండేళ్ల కిందట వాళ్లమ్మ బెల్లా పోయినప్పుడు కూడా ఆవిడ ఒక్కతే వెళ్లి, ఒక్కతే పాతిపెట్టించి, ఒక్కతే వచ్చింది. అప్పుడు గొర్రెలు ఈనే రోజులని అన్నాడు.

"నిజంగానేనా?" అంది.

"నిజంగానే. ఓడ టికెట్లు కూడా అడిగాను."

ఆ నెలంతా నెట్టా ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తను అనుకుంటూ తిరిగింది. ఇదిగో ఇదీ మా వీధి, ఇక్కడ మా బడి, ఈ మలుపులో నేను పడి మోకాలు చిట్లింది అని. చూపించాల్సినవన్నీ వరస పెట్టుకుంది.

శుక్రవారం పొద్దున ఓడెక్కి, అవతలి ఒడ్డున బస్సెక్కి, ఇన్వర్‌నెస్‌లో రైలెక్కారు. రైల్లో టార్మడ్ కోటు జేబులోంచి ఒక కాగితం తీసి మడతలు విప్పాడు. ఎన్నిసార్లు విప్పాడో, మడతల దగ్గర చిరుగులు పట్టింది.

"కోటలో నేతవాళ్లున్నారట. పాత రాజుల గోడలకి వేలాడదీసే బొమ్మల తెరలు మళ్లీ నేస్తున్నారట. ఒక్కో తెరకి మూణ్ణాలుగేళ్లు పడుతుందట. చూడు."

నెట్టా చూసింది. కాగితం మీద ఒంటికొమ్ము తెల్లగుర్రం ఉంది. అతను ఎందుకు బయల్దేరాడో అప్పుడు తెలిసింది. "బావుంది" అని కిటికీ వైపు తిరిగింది.

మర్నాడు కోటకి వెళ్లారు. టికెట్టిచ్చిన కిటికీ దగ్గరే, కోట కథ చెప్పే, చెవులకి పెట్టుకునే యంత్రం కూడా ఇస్తుంటే టార్మడ్ తీసుకున్నాడు. నెట్టా వద్దంది. తన సొంత ఊరి గురించి యంత్రం చెప్తే వినాలా అనిపించింది.

ఆవిడ చిన్నప్పుడు ఈ కోటలో సిపాయిలుండేవాళ్లు. వాళ్లమ్మ ఆ సిపాయిల చొక్కాలు ఉతికేది. వారానికి రెండుసార్లు తడిబట్టల తోపుడుబండి తల్లి ముందు లాగుతుంటే, నెట్టా వెనక నుంచి తోస్తూ ఈ రాళ్లగట్టు ఎక్కేది. రాజుగారి పెద్ద హాల్లో అప్పుడు ఇనప మంచాల వరసలుండేవి, బూట్‌పాలిష్ వాసన వేసేది. ఇప్పుడా హాలు బయటి గోడలకి వెన్నరంగు పూశారు. కళ్లు చెదిరేలా ఉంది.

"ఇక్కడే, టార్మడ్. ఈ మెట్ల మీదే మా అమ్మ బండి ఒకసారి బోర్లా పడింది. చొక్కాలన్నీ బురదపాలు. ఒక సార్జెంటు ఒంగి ఏరిపెట్టాడు. అమ్మ ఆ రాత్రంతా మళ్లీ ఉతికింది."

టార్మడ్ ఆవిడ వైపు చూసి తలాడించాడు. తర్వాత వేలితో చెవి చూపించి, "ఈ హాలు పదిహేనొందల మూడులో కట్టారట" అన్నాడు, కాస్త గట్టిగా.

నేతగది లోపల వెచ్చగా ఉంది. పెద్ద మగ్గం ముందు ఇద్దరు ఆడవాళ్లు, ఒక కుర్రాడు కూర్చుని వేళ్లతో దారం ఎక్కిస్తున్నారు. టార్మడ్ జనం లోపలికి రాకుండా కట్టిన తాడు దగ్గర నిలబడి, చెవుల మీదున్నది తీసేశాడు. నేస్తున్నావిడ అతని చేతుల వంక చూసింది.

"మీరూ నేస్తారా ఏంటి?"

"నేస్తాను. లూయిస్‌లో. మాది ఉన్ని."

అంతే. ఆవిడ తాడెత్తి లోపలికి రమ్మంది. ఇక టార్మడ్ నోరు ఆగలేదు. దారం వడి గురించి అడిగాడు, రంగులు దేంతో అద్దుతారని అడిగాడు, తన తండ్రి మగ్గం గురించి చెప్పాడు, చలికాలం వేళ్లు పగిలితే ఏం రాసుకుంటాడో చెప్పాడు. ఒకసారి నవ్వాడు కూడా. నెట్టా గోడకి ఆనుకుని విన్నది. వేళ్లు పగులుతాయని తనతో ఎప్పుడూ అనలేదు. నూనె సీసా ఎందుకు త్వరగా ఖాళీ అయిపోతుందా అని ఆవిడే అనుకునేది.

అరగంట చూసి, "నేను బయటుంటాను" అంది.

అతను తిరక్కుండానే చెయ్యూపాడు.

బయట కాసేపు నిలబడింది. జంటలు జంటలుగా జనం ఫొటోలు తీసుకుంటున్నారు. ఒకాయన కెమెరా ఇచ్చి తమని తియ్యమంటే తీసింది. తర్వాత ఎవరో పిలిచినట్టే గేటు దాటి, కొండ వెనకవైపు దారిలో దిగిపోయింది. కోట కొండ కిందే రాప్లోక్. వాళ్ల పేట.

వీధి లేదు. ఇళ్లు పడగొట్టి చుట్టూ ఇనప కంచె కట్టారు. లోపల మట్టిగుట్టలు, ఒక పసుపుపచ్చ యంత్రం. కొత్త ఇళ్లు వస్తాయని బోర్డు ఉంది. నెట్టా కంచె పొడుగునా నడిచింది. తమ ఇల్లు ఎక్కడుండేదో లెక్క కట్టబోయింది. మూల మీది దుకాణం ఉంటే అక్కణ్నించి అడుగులు వెయ్యొచ్చు. ఆ దుకాణమూ లేదు.

బస్‌స్టాపులో చక్రాల సంచీతో ఒకావిడ కూర్చుని ఉంది. ఆ మొనదేలిన గడ్డం చూడగానే నెట్టా గుర్తుపట్టింది. ఐనా డోహర్టీ. బడిలో రెండేళ్లు ఒకే బల్ల మీద కూర్చున్నారు.

"కోటకా అమ్మా? దారి తప్పావు. పైకి వెళ్లాలి" అంది ఐనా.

"చూసే వచ్చాను" అంది నెట్టా. "ఈ వరసలో గిల్‌క్రిస్ట్‌లని ఉండేవాళ్లు..."

"బట్టలుతికే బెల్లాయేనా? పోయి చాలా కాలమైంది. నువ్వు దీవుల్నించా? మాట అలాగే ఉంది."

"అవును, దీవుల్నించే."

"బెల్లా కూతురు కూడా అటే ఎక్కడికో పోయింది. ఎవణ్నో చేసుకుంది. తల్లి పోయినప్పుడు వచ్చిందనుకో, ఒక్కతే. మొగుడు జాడే లేదు. వదిలేసి ఉంటాడని అందరూ అనుకున్నారు. పాపం, గట్టిపిల్లే. ఒక్క కన్నీటిచుక్క రాలితే ఒట్టు."

నెట్టా సంచీ పట్టీ బిగించి పట్టుకుంది. ఐనా, నేనే నెట్టాని, అనడానికి ఎంతసేపు. కాని అన్నాక తర్వాతి మాటలుంటాయి. మరి మొగుడేడీ అంటుంది. కోటలో తెరలు చూస్తున్నాడని చెప్పాలి.

"వదిలెయ్యలేదు. ఆవిడ నాకు తెలుసు. ఇద్దరూ కలిసే ఉన్నారు" అంది.

"అలాగా. పోన్లే. కనపడితే ఐనా అడిగిందని చెప్పు." బస్సొచ్చింది. ఐనా సంచీ ఎక్కించుకుని వెళ్లిపోయింది.

నెట్టా మళ్లీ కొండెక్కేసరికి ఐదు దాటింది. కోట మూసేస్తున్నారు. గేటు బయట టార్మడ్ టోపీ చేత్తో నలుపుతూ అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఎక్కడికెళ్లావు? కాపలావాణ్ని రెండుసార్లు అడిగాను. నాకు ఈ ఊళ్లో దారి కూడా తెలీదు."

"మా ఇంటికి."

"చెప్తే నేనూ వచ్చేవాణ్నిగా."

"మా అమ్మ పోయినప్పుడు చెప్పాను, టార్మడ్. రాలేదు."

అతను మెట్టు మీద కూర్చున్నాడు. నెట్టా కూర్చోలేదు.

"గొర్రెల వల్ల కాదు" అన్నాడు చివరికి. "పక్కింటి ముర్డోని చూసుకోమంటే చూసుకునేవాడే. నాకు భయమేసింది. అంతమంది మీవాళ్ల మధ్య మూడు రోజులు నా ఇంగ్లీషుతో ఏం మాట్లాడతాను? నోరు తెరిస్తే నవ్వుతారనిపించింది. సమాధి దగ్గర మొద్దులా నిలబడాలి."

"మూడు రోజులు" అంది నెట్టా. "నువ్వు మూడు రోజులకి భయపడ్డావు. నేను ముప్ఫై నాలుగేళ్లుగా అలాగే నిలబడి ఉన్నాను, మీ అందరి మధ్యా."

టార్మడ్ ఆవిడ వైపు చూశాడు. అది అతనికి ఎన్నడూ తట్టలేదని ఆ చూపులోనే తెలిసిపోయింది. తెలిసీ ఊరుకుని ఉంటే కోపం తెచ్చుకోవచ్చు. తట్టనే లేదంటే ఏం చెయ్యాలో ఆవిడకి తోచలేదు.

మర్నాడు ఆదివారం. మా దీవివాళ్లు ఆదివారం దేవుడి రోజని సరదాగా తిరగరు. ప్రార్థన అయ్యాక టార్మడ్, "చనిపోయినవాళ్ల దగ్గరికి వెళ్లడం తిరగడం కిందికి రాదు" అన్నాడు. సమాధుల దగ్గరికి నడిచి వెళ్లారు. బెల్లా రాయి మీద నాచు పట్టింది. అతను చేతిరుమాలుతో పేరు తుడిచి, టోపీ తీసి, ఇంగ్లీషులో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అన్నాడు: "అమ్మగారూ, నేను టార్మడ్‌ని. ఆలస్యంగా వచ్చాను."

తర్వాత నెట్టా వంక చూశాడు. వాన మొదలైంది. ఇద్దరూ ఒకే గొడుగు కింద తిరిగొచ్చారు. ఆవిడ ఎడమభుజం అంతా తడిసింది, అతని కుడిభుజం అంతా తడిసింది.

సోమవారం రైల్లో పెర్త్ దాటాక టార్మడ్ తెరల సంగతి ఎత్తాడు. కొమ్ముగుర్రం కన్ను ఒక్కటే నెయ్యడానికి ఎన్ని రోజులు పట్టిందో చెప్పాడు. నెట్టా విన్నది. వినడానికి బాగానే ఉంది.

ఆ తర్వాత అతను మారలేదనడానికి లేదు. భోజనాల దగ్గర అప్పుడప్పుడు మీ అమ్మ ఏం వండేది, మీ బడి ఎంత దూరం అని అడిగేవాడు. నెట్టా జవాబు చెప్పేది, ఒకటి రెండు మాటల్లో. ఎన్నో ఏళ్లు చెప్పాలనుకున్నవి, తీరా అడిగేసరికి సగం మర్చిపోయి ఉంది.

రెండేళ్లకి మళ్లీ వెళ్దామన్నాడు. అతని మోకాలు నొప్పని నెట్టాయే వద్దంది. ఆ వేసవిలో ఆవిడ ఒక్కతే వెళ్లి నాలుగు రోజులుంది. కోట ఎక్కలేదు. రాప్లోక్‌లో కొత్త ఇళ్ల ముందు నుంచి రెండుసార్లు నడిచింది. ఐనా ఇల్లు ఎక్కడని ఎవర్నీ అడగలేదు. గురువారం ఓడకి తిరిగొచ్చేసింది.