తలపాగా వద్దన్నవాడు

మా మరిది పోయాడు. ఆ శనివారం ఉదయం ఎప్పటిలాగే మొదలైంది. అమెరికాలో, టెక్సస్‌లోని కాపెల్‌లో మా చెల్లెలి ఇంట్లోనే నేనూ ఉంటాను. నేను దీపం వెలిగించగానే అతను టీవీ వార్తల సౌండ్ తగ్గించాడు. నా పారాయణ అయ్యేదాకా పెంచేవాడు కాదు. ఏలకులు దంచి టీ పెట్టి, చల్లారకుండా నా కప్పు మీద సాసర్ బోర్లించి పెరట్లోకి వెళ్లాడు. కంచె పక్కన చివరి వరస బెండ మొక్కలకు ముందు నీళ్లు పెట్టాడు.

“దగ్గరున్నవి వదిలేసి అంత దూరం ఎందుకయ్యా?” అన్నాను కిటికీలోంచి.

“దగ్గరవాటికి ఎలాగూ అందుతాయి అక్కా.”

నాతో అతను ఆఖరుగా అన్న మాట అదే. కాసేపటికి చూస్తే పైపు పారుతోంది, మనిషి పడి ఉన్నాడు. హాస్పిటల్ నుంచి మా చెల్లెలు ఒక్కతే తిరిగొచ్చింది.

పాకిస్తాన్‌లోని సింధులో పేరున్న రాజకీయ కుటుంబం వాళ్లది. తాత, తండ్రి, తర్వాత ఇతను, అందరూ ఒకే సీటు నుంచి గెలిచారు. గెలిచిన ఇతను అసెంబ్లీలో లేచి, కాలువ నీళ్లు చివరి పొలాలకు చేరడం లేదనీ, దారిలో తమ కుటుంబం భూములకే మళ్లిపోతున్నాయనీ చెప్పాడు. ఇంట్లో ఎవరూ క్షమించలేదు.

అయినా తండ్రి, పోయేముందు, తలపాగా ఇతనికే కట్టమన్నాడు. వాళ్లలో ఇంటిపెద్ద పోతే వారసుడికి ఊరందరి ముందూ తలపాగా కడతారు. పెద్దరికం అతనిదే, సీటూ అతనిదే. ఇతను తల వంచలేదు. “ఓటు వేసేది ఊరు. సీటు పంచిపెట్టడానికి మనమెవరం?” అన్నాడట. తలపాగా అన్నగారికి కట్టారు. బెదిరింపులు మొదలయ్యాక ఇతను అమెరికా వచ్చేశాడు. మా చెల్లెలితో పెళ్లి ఇక్కడే అయింది. తల్లి పోయినా వెళ్లలేకపోయాడు. ఆమె సమాధి పక్కన తనకు చోటు ఉంచారని మాత్రం అప్పుడప్పుడు చెప్పేవాడు.

ఇక్కడ పదవేమీ లేదు. అయినా సిటీ కౌన్సిల్ మీటింగ్ మానేవాడు కాదు. వీధిలైటు గురించో, బస్సు గురించో మాట్లాడి వచ్చేవాడు.

“అసెంబ్లీలో గంట మాట్లాడినవాడివి. ఇక్కడ మూడు నిమిషాలిస్తే సంబరమా?” అని మా చెల్లెలు ఏడిపించేది.

“అక్కడ మైక్ కట్ చేసేవాళ్లు. ఇక్కడ బోర్ కొట్టినా కూర్చుని వింటున్నారు పాపం.”

అతను పోయిన రోజు మధ్యాహ్నమే అన్నగారు ఫోన్ చేశారు. బాడీ పంపమన్నారు. తల్లి పక్కనే సమాధి చేస్తామనీ, అక్కడే తమ్ముడి వారసుడిగా తన కొడుక్కి తలపాగా కడతామనీ చెప్పారు.

మా చెల్లెలు నా వైపు చూసింది. “అమ్మ పక్కన పడుకోవాలని ఉండేది అక్కా తనకి. పంపేద్దామా?”

“డాడ్‌కి కావల్సింది నానమ్మ పక్కన ప్లేస్. వీళ్లకి కావల్సింది స్టేజ్,” అంది వాళ్లమ్మాయి.

దేవుడి ముందు కాసేపు కూర్చున్నాను. తర్వాత నేనే అన్నగారికి ఫోన్ చేశాను.

“తలపాగా లేకుండా సమాధి చేస్తారా?” అని అడిగాను.

“ఎలా కుదురుతుంది బెహన్‌జీ? ఎలక్షన్లు దగ్గరపడ్డాయి. అతనంటే ఇప్పటికీ జనం వస్తారు.”

“ఆ జనాన్ని అతను మీకు ఇచ్చి పోలేదండీ.”

“ఇది మా వంశం విషయం. మీకు తెలియదు.”

“మీ వంశం తెలియదు. మనిషి తెలుసు.”

ఆయన ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. మా చెల్లెలు చాలాసేపు ఏడ్చింది, తర్వాత తనే ముందు మాట్లాడింది. అతన్ని ఇక్కడే, టెక్సస్ మట్టిలోనే ఉంచాలనుకున్నాం. ఎవరేమన్నా మొదటి పిడికెడు మట్టి కూతురే వేస్తుంది. రాతి మీద అతని పేరొక్కటే ఉంటుంది, వంశం పేరు ఉండదు. తల్లి పక్కనున్న ఆ చోటు మాత్రం ఎవరికీ ఇవ్వకుండా ఖాళీగా వదిలేయమని వాళ్లకు చెప్పాలనుకున్నాం.