పందుల చీరకు ఆగిన ఫోర్క్‌లిఫ్ట్

నేను ఎడపల్లి దగ్గర ఒక బియ్యం గోదాములో ఊడ్చే పని చేస్తాను. గోదాము ముందు నుంచే కరెంటు తీగలు పోతాయి. అయినా మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ సాయిలు బస్తాలు పైకి లేపి, దించకుండా అట్లాగే బండి నడుపుతాడు. నా కొడుకు పోయింది చెరకు లారీ మీద, తీగ తగిలే. అందుకే అది చూస్తే నాకు మనసు ఆగదు.

నిన్న హమాలీలతో తీగలకు చాలా ముందే రెండు వెదుళ్లు పాతించి, తీగల కంటే బాగా కిందికి ఒక ఎర్ర చీర అడ్డంగా కట్టించాను. చేనులోకి అడవి పందులు రాకుండా చుట్టూ చీరలు కడతాం కదా, అట్లా.

ఈ రోజు పొద్దున సాయిలు చూసి ఒకటే నవ్వు.

"ఏందవ్వా, నేను పందినా?"

"పంది చీర సూసి ఆగుతది కొడుకా. నువ్వు ఆగుతవో లేదో సూద్దామని కట్టిన."

మధ్యాహ్నం లారీ నింపే తొందరలో మళ్లీ బస్తాలు పైకెత్తే వచ్చాడు. చీర తగులుకుని పర్రున చిరిగింది. బండి అక్కడే ఆగింది. సాయిలు తలెత్తి తీగలను చూశాడు, బస్తాలు కిందికి దించాడు. చిరిగిన చీర తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పంది ఆగిందవ్వా."

ఆ చీర నా కొడుకు కొనిచ్చింది. వాడు పోయినప్పటి నుంచి పెట్టెలోనే ఉంది. చిరిగితే ఏడుస్తాననుకున్నాను, నవ్వొచ్చింది.

వెనక గేటు దగ్గర కూడా తీగలున్నాయి. మీ ఇంట్లో పాత ఎర్ర చీర ఉంటే చెప్పండి. మాకున్న పంది ఒక్కటే, కానీ తిరుగుడు ఎక్కువ.