చెప్పుల బిళ్లల పంపు

మా వాడ చివరి చేదబావి నీళ్లు కొబ్బరినీళ్లకు ఏమాత్రం తీసిపోవు. ఈ మాట ఎవరితోనైనా పందెం కాసి చెప్తాను. ఊళ్లో బోరు నీళ్లు అలా కాదు. చూడటానికి తేటగానే ఉంటాయి. తాగగా తాగగా పళ్లకు గార పడుతుంది, కీళ్లు బిగుసుకుపోతాయి. నల్లగొండ వైపు పుట్టినవాళ్లకు ఈ ఫ్లోరైడు సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో, వాడకు ఇంకా ఇంటింటి నల్లాలు రాని రోజుల్లో, మా అమ్మ భుజాలు పూర్తిగా పట్టేశాయి. చేతులు ఛాతీ దాటి పైకి లేవవు. ఇక చాంతాడు ఎలా లాగుతుంది? బిందె పట్టుకుని బావి గద్దె పక్కన నిలబడేది. వచ్చినవాళ్లు తమ బిందెతో పాటు ఆమెకూ ఒకటి తోడి పోసేవాళ్లు. ఎవరూ విసుక్కోలేదు. కానీ మా అమ్మ పుట్టి బుద్ధెరిగాక ఒకరికి పెట్టడమే గాని, చేయి చాచడం నేర్చుకోలేదు.

ఒకరోజు దుకాణం నుంచి పెందలాడే వచ్చాను. అమ్మ బోరు ట్యాంకు నల్లా నీళ్లు తెచ్చి తాగే కుండలో పోస్తోంది.

"దవాఖాన్ల గా నీళ్లు ముట్టొద్దన్నరు గదనే అమ్మా!" అని అరిచాను.

"తిప్పితె వస్తయి బిడ్డా. ఎవల్ని బతిమాలాడే పని లేదు" అంది, నావైపు చూడకుండా.

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. కోపమే ముందు బయటపడింది, అది మా నాయిన నాకు ఇచ్చిపోయిన ఏకైక ఆస్తి. కాసేపు ఇల్లంతా ఎగిరి, చల్లబడ్డాక అనుకున్నాను: తిప్పితే వచ్చేదే కావాలి గదా, బావినే తిప్పితే వచ్చేటట్టు చేద్దాం.

కట్టంగూర్ దగ్గర రోడ్డు మీద నాకు సైకిళ్లు, బండ్లు బాగుచేసే దుకాణం ఉంది. తాడు పంపు అనేది ఒక రైతు తోటలో అంతకుముందే చూసి ఉన్నాను. బావిలోకి సన్నని పైపు దించుతారు. ఒక తాడు ఆ పైపులోంచి పైకి వచ్చి, చక్రం చుట్టి, మళ్లీ బయటినుంచి బావిలోకి దిగుతుంది. తాడు పొడుగునా చిన్న చిన్న రబ్బరు బిళ్లలు కట్టి ఉంటాయి. చక్రం తిప్పితే ఒక్కో బిళ్ల తన మీది నీళ్లను నెట్టుకుంటూ పైకి తెస్తుంది. కరెంటు అక్కర్లేదు, పాడైతే ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు.

చక్రం పాత సైకిల్‌ది, పైపు ఎండిపోయిన బోరులోంచి లాగింది. చిక్కంతా బిళ్లల దగ్గరే వచ్చింది. టైరు ముక్కలు పైపులో ఇరుక్కున్నాయి, ట్యూబు ముక్కలు మడతపడ్డాయి. చివరికి హవాయి చెప్పు కోసి చూస్తే కొలిచి పోసినట్టు సరిపోయింది. వాడంతా తిరిగి, తెగి పారేసిన చెప్పులన్నీ ఏరుకొచ్చి, వేడినీళ్లలో సోడా వేసి తోమి, గుండ్రంగా కోశాను.

ఆదివారం పంపు బిగించాను. చర్చి నుంచి వచ్చిన అమ్మ కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది. మా మేనత్త, నాయినకు అక్క, కొబ్బరికాయ కొట్టింది. మా ఇంట్లో దేవుళ్లకు తగాదాలు లేవు. చక్రం తిప్పాను. నీళ్లు దబదబా దూకాయి. వాడ వాడంతా ఈలలు!

అత్త మాత్రం వంగి తాడునే చూస్తోంది. "ఆగు అల్లుడా! గీ నీలం బిళ్ల నా చెప్పుది గాదు?"

నోరు మూసుకోవచ్చు గదా. "నీదే అత్తా! కాలికున్నప్పటికంటె గిప్పుడే మంచిగ పన్జేస్తాంది" అన్నాను నవ్వుతూ.

"చెప్పులు కడిగిన నీళ్లు తాగాల్నార మేము?" అని ఆమె నిండిన బిందెను అక్కడే గుమ్మరించింది. చూస్తుండగానే తక్కినవాళ్లూ గుమ్మరించారు. నాకు ఒళ్లు మండింది. పానా తీసుకుని పంపు విప్పేయబోయాను. ఈసారి అమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"వదినె, జర నిలవడు. మీ నాయిన కుట్టిన మోట బొక్కెన యాదికున్నదా?"

మాది ఒకప్పుడు తోలుపని చేసిన వాడ. ఎద్దులతో మోట తోలిన కాలంలో ఊరి బావులన్నిటికీ తోలు బొక్కెనలు కుట్టింది మా తాతే.

"గా తోలు బొక్కెన నీళ్లతోనే ఊరంత వరి పండిచ్చుకున్నరు. దూపైతె గా కాలువలనే దోసిలి వట్టిండ్రు. మన చేతి నీళ్లు వద్దన్నోళ్లు మన తోలు నీళ్లు తాగిండ్రు. ఒక్కలన్న ఉమ్మేసిండ్రా? ఇయ్యాల మన పిలగాడు మనకోసం జేస్తె, మనకు మనమే మైల వెట్టుకుంటమా?"

అమ్మ అంత గొంతెత్తి మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. అత్త ఖాళీ బిందె ఎత్తుకుని, "తోలు వేరు, తొడిగిన చెప్పు వేరు పిల్లా. కొత్తయి కోసి పెట్టుమను, తాగుత" అంది. ఎవరి కాలూ దూరని చెప్పు చెప్పు కాదట, వట్టి రబ్బరట! ఇటువంటి తీర్పు హైకోర్టులో కూడా దొరకదు. సాయంత్రమే కొత్త జతలు కొనుక్కొచ్చి కోశాను. కొట్టువాడు మా ఇంట్లో పెళ్లేమో అనుకున్నాడు.

ఆ తర్వాత ఆలేరు దాకా పోయి అలాంటి పంపులు చాలా బిగించాను. శాలువాలు కప్పినవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు మా వాడలో ఇంటింటికీ నల్లా ఉంది, అది రాని రోజు అందరూ చక్రం దగ్గరికే వస్తారు. ఎన్ని బిగించినా, ఎంత గొప్ప చెప్పుకున్నా, కొత్త బిళ్లలు వేసిన మర్నాటి పొద్దు లాంటి పొద్దు నాకు మళ్లీ రాలేదు.

ఆ పొద్దున వాడంతా బిందెలతో వచ్చారు. చక్రం తిప్పే పిడిని కూర్చున్న అమ్మ నడుము ఎత్తుకే పెట్టాను, కూర్చోవడానికి పక్కన ఒక బండ వేశాను. అమ్మ కూర్చుని తిప్పింది. ముందు గాలి బుసబుసమంది, తర్వాత ధార కట్టింది. పైకి లేవని ఆ చేతులకు పైకి లేవాల్సిన పనే లేదు. నేను ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

అమ్మ మాత్రం తన బిందెను పక్కకు జరిపి, "వదినె, ముందు నీది వెట్టు" అంది. అత్త బిందె నిండింది. ఆ వెనక ఇంకొకరిది, ఇంకొకరిది. ఆమె నుదుటి నిండా చెమట పట్టింది. అలసిపోయిందేమోనని పిడి అందుకోబోయాను. చేతి మీద ఒక్కటేసింది.

"ఇన్నొద్దులు అందరు నాకు పోసిండ్రు. జరుగు బిడ్డా, ఇయ్యాల నేను పోస్త."