దగ్గరే ఉంచుకోవాలని

ఈ రోజు పొద్దున ఒక అబద్ధం చెప్పాను. అదీ నా మాటగా కాదు, నా స్నేహితుడి మాటగా చెప్పాను.

పెన్సిల్వేనియాలో ఒక చిన్న ఫారంలో మా ఇద్దరికీ చెరిసగం వాటా ఉన్న గుర్రం ఉంది. నాలుగేళ్ళది. కంచెలు దూకుతూ పరిగెత్తే పందాల గుర్రం, మొన్ననే మొదటి గెలుపు చూసింది. స్నేహితుడు ఎక్కడో దూరాన ఇర్వింగ్‌లో గుండె డాక్టరు, ఎప్పుడో గానీ రాడు. నేను ఫారానికి దగ్గర్లోని ప్లెయిన్స్‌బరోలో ఉంటాను, మందుల కంపెనీలో పనిచేసి రిటైరయ్యాను. విడాకుల తర్వాత శనివారాలు ఎలా గడపాలో తెలియక ఆ ఫారానికి వెళ్ళడం మొదలుపెట్టాను. ఇప్పుడు వారం మొత్తంలో నేను నోరారా మాట్లాడేది అక్కడే. గుర్రంతో, తెలుగులో.

ఇక మీదట దాన్ని ఏ దారిన పెట్టాలో ఈ రోజు తేల్చాలి. హర్డిల్స్ అయితే కంచె పైభాగం మెత్తగా ఉంటుంది, కాళ్ళు తగిలినా దూసుకుపోవచ్చు. టింబర్ అంటే అడ్డంగా బిగించిన దుంగలు. అవి వంగవు.

మా ట్రైనర్ తనే స్వారీ చేసే మనిషి. ఆమె సూటిగానే చెప్పింది. “వీడు వేగంగా వచ్చి కంచెని రాసుకుంటూ పోతాడు. హర్డిల్స్‌కే సరిపోతాడు. సౌత్ కెరొలినాలో నాకు తెలిసిన ట్రైనర్ ఉన్నాడు, అక్కడికి పంపండి. అక్కడే ఉండనివ్వండి.”

అక్కడే ఉండనివ్వండి అన్న తర్వాత ఆమె ఇంకా ఏదో చెప్పింది. నాకు ఎక్కలేదు. టింబర్ పందాలైతే ఈ చుట్టుపక్కలే జరుగుతాయి, గుర్రం ఇక్కడే ఉంటుంది. నా బుర్రలో తిరిగింది అదొక్కటే.

స్నేహితుడికి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను. కారులో ఉన్నాడు.

“ఏరా, నీ దత్తపుత్రుడెలా ఉన్నాడు? ఆవకాయ అలవాటు చేశావా?”

“జోకులాపు. హర్డిల్సా, టింబరా? ఇవాళ డిసైడ్ చేయాలి.”

“ఆవిడేమంటోంది?”

“హర్డిల్స్ అంటోంది. కెరొలినా పంపాలట.”

“పంపెయ్ మరి! గుర్రాల సంగతి నీకూ నాకూ ఏం తెలుసురా? పేషెంట్ గూగుల్ చూసొచ్చి నాకు ట్రీట్‌మెంట్ చెప్తే ఎలా తిడతానో విన్నావుగా. నా ఎగ్జిట్ వచ్చేసింది, ఉంటా.”

ట్రైనర్ కళ్ళెం పట్టుకుని నా ముఖం వంకే చూస్తూ నిలబడి ఉంది. తెలుగు రానివాళ్ళ ఎదుట తెలుగులో మాట్లాడేసుకోవడం మాకు తప్పని తోచనంత అలవాటు. ఈ రోజు ఆ అలవాటు చాటున దాక్కున్నాను.

“కెరొలినా అన్నట్టు వినిపించిందే?” అంది.

“వద్దన్నాడు. టింబరే నయమట. ఇద్దరిదీ అదే మాట.”

ఆమె జీను పట్టీ బిగించింది. “గుర్రం మీది. సరే, చిన్న టింబర్ కంచె మీద ఒకసారి చూద్దాం,” అని ఎక్కింది.

గుర్రం తనకు తెలిసినట్టే వచ్చింది, వేగంగా, తక్కువ ఎత్తులో. ముందుకాళ్ళు దుంగకి తగిలిన చప్పుడు నేనున్న చోటికి వినిపించింది. మోకాళ్ళ మీద పడి లేచింది. ఆమె దాని మెడ మీదికి జారి, ఎలాగో నిలదొక్కుకుంది. దిగి నడిపించుకుంటూ వచ్చేసరికి గుర్రం మోకాలి కింద తోలు లేచి నెత్తురు కారుతోంది.

“నా తప్పే. ఇంకా నిదానంగా తీసుకురావాల్సింది,” అంది నాతో.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. గుర్రం ఎప్పటిలాగే నా కోటు జేబులో మూతి పెట్టింది. నేను కారెక్కి వచ్చేశాను.

దారిలో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాను. కాఫీ కొని తాగలేకపోయాను. ఒంటరితనం నేరం కాదు. నాకు తోడు కావాలని దాని కాళ్ళని దుంగలకేసి కొట్టించడం మాత్రం నేరమే. అదీ దాని మేలు కోరినవాడిలా నటిస్తూ. ఇంటికెళితే తలుపు తీసేవాళ్ళు ఎలాగూ లేరు. కారు వెనక్కి తిప్పాను.

ట్రైనర్ కొట్టంలో కట్టు కడుతోంది. ఆమె పక్కనే నిలబడి స్నేహితుడికి మళ్ళీ స్పీకర్‌లో ఫోన్ చేశాను. ఈసారి ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

“ఇంగ్లీషేంట్రా, పక్కన పోలీసులున్నారా?” అన్నాడు.

పొద్దున తనేమన్నాడో, నేను ఆమెకేమని చెప్పానో, ఎందుకు చెప్పానో, ఇద్దరికీ ఒకేసారి చెప్పాను. అవతల అతను కారు పక్కకి తీసి ఆపిన చప్పుడు వినిపించింది. “నా పేరు మీద ఆ మాట అన్నావా?” అన్నాడు. నవ్వు లేదు. తర్వాత ఆమెని ఉద్దేశించి క్షమాపణ కూడా అతనే ముందు చెప్పాడు, నాకంటే ముందు.

ఆమె కట్టు ముడి వేస్తూ, “ఆ కంచె మీదికి వాణ్ణి తోలింది నేను,” అంది. అంతే. నాకు క్షమాపణ చెప్పడం చేతకాదు గానీ, ఎలాగో చెప్పాను. ఇక గుర్రం విషయంలో ఆమె మాటే ఆఖరని, నా సగం కూడా కెరొలినా వైపేనని చెప్పాను. కుదిరితే గాయం మానగానే పంపమన్నాను.

ఆమె తన ఫోన్ తీసుకుని ఆఫీసు గదిలోకి వెళుతూ, “రెండో కాలు కూడా వాస్తోంది. చన్నీళ్ళు పట్టండి,” అంది.

రబ్బరు గొట్టం తెచ్చి కాలి దగ్గర కూర్చున్నాను. గుర్రం కాలు లాక్కున్నప్పుడల్లా ఆగి, మళ్ళీ పట్టాను. లోపలినుంచి ఆమె మాటలు వినిపిస్తున్నాయి. హాస్టల్‌వాళ్ళకి పిల్లాడి గురించి చెప్పినట్టు, వాడు ఏం తింటాడో, దేనికి బెదురుతాడో కెరొలినా ట్రైనర్‌కి చెబుతోంది. చెవి వెనక గోకితే ఊరుకుంటాడన్న సంగతి ఆమె మరిచిపోయింది. గొట్టం పట్టుకునే తలెత్తి, అది కూడా చెప్పమని కేకేశాను.