కుడిచేతి తొడుగు

మా వదిన బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. కుట్టు ఒక్క పోగు పక్కకు జరిగినా విప్పేసి మళ్ళీ కుడుతుంది. అలాంటి మనిషి మా ఇంట్లోవాళ్ళతో వేగడం ఎంత కష్టమో, బడి మానేసి ఇంటిపట్టునే ఉంటున్న నేను రోజూ చూస్తున్నాను.

వదిన కూతురు బుజ్జమ్మకు మూడేళ్ళు. మెదడుకు సంబంధించిన సెరిబ్రల్ పాల్సీ వల్ల దాని ఎడమచెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించుకునే ఉంటుంది. పట్టుకోవడం ఎలాగో వస్తుంది, వదలడమే రాదు. థెరపీ మేడం ఆరు వారాలు గడువు పెట్టింది. రోజూ రెండు గంటలు కుడిచేతికి తొడుగు వేసి, ఎడమచేత్తోనే ఆడించాలి. ఆఖర్న అయిదు వస్తువుల్లో మూడైనా తనంతట తాను వదిలితే పొద్దుటి బ్యాచ్‌లో చోటు నిలుస్తుంది. లేకపోతే ఆ చోటు ఇంకో పిల్లకు పోతుంది.

వదిన మిగిలిన నీలం గుడ్డతో కుందేలు చెవుల తొడుగు కుట్టింది. ఆటకు ఖాళీ దారం రీళ్ళు ఇచ్చింది. ఆ వేళకు తను షాపులో ఉండాలి కనుక పని మా అమ్మకు అప్పజెప్పింది. అమ్మేమో పిల్ల నోటికి ముద్ద అందించకుండా ఉండలేదు. అన్నయ్య రీలు తీసి కుడిచేతికే ఇస్తాడు. పక్కింటావిడ నూనె రాస్తే సరిపోతుందంటుంది. అందరికీ చెప్పి చెప్పి వదిన గొంతు పోయింది.

నాలుగో వారంలో వదిన తొడుగు ఉతకబోతూ ఆగిపోయింది. బొటనవేలి దగ్గర కుట్టు పిగిలి ఉంది. ముడుచుకున్న పిడికిలిని బలవంతంగా దూరిస్తేనే అక్కడ పిగులుతుంది.

"ఇది ఏ చేతికి వేస్తున్నారు?" అని నా వైపు చూసింది.

చలి మొదలైన దగ్గర్నుంచీ, తొమ్మిది రోజులుగా నాకు తెలుసు. అమ్మకు ఎదురు చెప్పడానికి నోరు పెగల్లేదు.

"ఎడమచేతికి వదినా."

అమ్మ తడబడలేదు. ఆ చెయ్యి మంచులా ఉంటుందట. జబ్బు చేతిని వదిలేసి బాగున్నదానికి ఎవరైనా తొడుగు వేస్తారా అంది.

వదిన వెళ్ళి మిషను ముందు కూర్చుంది. మర్నాడు షాపు మానేసి, అమ్మ రెండు చేతులకూ రాత్రి కుట్టిన పెద్ద తొడుగులు వేసి నాడాలు బిగించింది.

"రెండు గంటలు ఇలా ఉండండి అత్తయ్యా. అప్పుడు మధ్యలో చెయ్యి పెట్టలేరు."

"ముక్కు దురద పెడితే?"

"నన్ను పిలవండి."

అమ్మ నాలుగుసార్లు పిలిచింది. వదిన పళ్ళు నూరుతూనే నాలుగుసార్లూ గోకింది. బుజ్జమ్మ పడీ పడీ నవ్వి, నానమ్మ నాడాను ఎడమచేత్తో పట్టి లాగింది. పట్టు వదలదే. ఎంతసేపటికో వేళ్ళు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. మిగిలిన రోజులన్నీ అదే ఆట.

పరీక్ష రోజు మేడం గిన్నె పెట్టి, అందులో వెయ్యమని పిల్ల ఎడమచేతికి ఒక్కొక్క రీలే ఇచ్చింది. మొదటి రీలు పడింది. రెండోదీ మూడోదీ వదలకపోతే మేడమే వేళ్ళు విప్పి తీసుకుంది. నాలుగోది పడింది. అయిదోది గిన్నె మీదే ఆగిపోయింది. అమ్మ ముందుకు వంగబోయి, తనంతట తానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుంది. వదిన గోడవైపు తిరిగింది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. ఇరవై మూడు దగ్గర పిడికిలి విడింది. రీలు గిన్నె అంచుకు తగిలి కుర్చీ కిందికి దొర్లింది.

మేడం మూడు అని రాసుకుంది.

"గిన్నెలో పడలేదు కదా" అంది వదిన.

వదిలితే చాలంది మేడం. చోటు నిలిచింది. అయినా దారి పొడుగునా వదిన సణుగుతూనే ఉంది, ఆ తొమ్మిది రోజులూ వృథా కాకపోతే అయిదూ పడేవని. పక్కనే నడుస్తున్న అమ్మ పిల్ల ఎడమచెయ్యి ముట్టుకుని, ఎంత చల్లగా ఉందో చూడమంది.

"అత్తయ్యా" అంది వదిన.

అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.